ఆగడం, ఆపేయడం

కేరళలోని అంగమాలి బస్టాండు వెనక, బేకరీ పై అంతస్తులో ఏలియామ్మ టీచర్ నర్సులకు ఇంగ్లీషు చెప్పేది. ఐర్లండుకో ఇంగ్లండుకో పోవాలనుకునే ఆ చుట్టుపక్కల పిల్లలందరూ ముందు ఆ ఇరుకు మెట్లు ఎక్కాల్సిందే. బడిపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఆవిడ జోకులకు నవ్వుకుంటూనే పిల్లలు వ్యాకరణం నేర్చేసుకునేవారు. జోకు తమ మీద పడిన రోజున మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఒక రోజు అది జిస్మి మీద పడింది.

జిస్మి కాలడి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి, యూనిఫాం సంచిలో కుక్కుకుని, సరాసరి క్లాసుకు వచ్చి నిద్రకళ్లతో కూర్చునేది. ఆ రోజు ఇంటర్వ్యూ ప్రశ్నల సాధన జరుగుతోంది. మీ డ్యూటీ కాకపోయినా చేసిన పని ఏదైనా చెప్పండి, అన్నది ప్రశ్న. జిస్మి లేచి నిజంగా జరిగిందే చెప్పింది. ఒక సాయంత్రం డ్యూటీ ముగించుకుని బస్సుకోసం పరుగెడుతుంటే, ఆసుపత్రి వరండాలో ఒక ముసలాయన గోడకు చేరగిలబడి మెల్లగా జారిపోతున్నాడు. అందరూ పక్కనుంచి దాటిపోతున్నారు.

"ఐ స్టాప్డ్ టు హెల్ప్ హిమ్," అంది జిస్మి.

"ఉండుండు," అంది టీచర్ చెయ్యి అడ్డంపెట్టి. "స్టాప్ పక్కన ఆ 'టు' ఏమిటమ్మా? స్టాప్ దగ్గర ఒక్క బస్సే ఆగుతుంది. ఏ బస్సర్రా?"

"ఇంగ్ బస్సు!" అని క్లాసంతా గొల్లుమంది.

"విన్నావా? స్టాప్ స్మోకింగ్. స్టాప్ టాకింగ్. స్టాప్ క్రయింగ్. నీకొక్కదానికే వేరే బస్సు వేయించాలా?"

"అది కాదు టీచర్, నేను ఆగిందే సాయం చేయడానికి కదా..."

"నువ్వు ఎందుకు ఆగావో గ్రామరుకు అనవసరం తల్లీ. చెప్పు."

జిస్మి ముఖం ఎర్రబడింది. "ఐ స్టాప్డ్ హెల్పింగ్ హిమ్."

"మళ్లీ చెప్పు."

నాలుకకు అలవాటయ్యేదాకా చెప్పించింది. వెనక బెంచీలో ఎవరో బస్సు హారన్ మోగించినట్టు నోటితో చప్పుడు చేశారు. టీచర్ కూడా నవ్వింది.

తర్వాత కొచ్చిలో ఒక హోటల్లో ఐర్లండు ఆసుపత్రి వాళ్ల ఇంటర్వ్యూ జరిగింది. క్లాసులో చాలామందికి ఉద్యోగం వచ్చింది. జిస్మికి రాలేదు. టీచరుకు ఆ కబురు చెప్పడానికి ఆ పిల్ల తనే వచ్చింది.

"అంతా బాగానే జరిగింది టీచర్. మీరు చెప్పించిన ప్రశ్నే అడిగారు. ముసలాయన సంగతి చెప్పాను. ఒక్క తప్పు కూడా పోలేదు."

"మరి?"

"ఐ స్టాప్డ్ హెల్పింగ్ హిమ్, అన్నాను. ఆ తెల్లావిడ ఎందుకని అడిగింది. ఆయన బాగా ముసలివాడు, పక్కన మనిషంటూ లేడు, అందుకని అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది టీచర్. నా వంక అదోలా చూసింది. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. నా ముఖంలోనే ఏదో లోపం ఉన్నట్టుంది."

"గాభరాపడి ఉంటావు," అంది టీచర్. "మళ్లీ వెళ్దువుగానిలే."

పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది. టీచరుకు మాత్రం ఆ పెన్ను కింద పెట్టడం మనసులోంచి పోలేదు. పక్క గదిలో జోబీ అనే కుర్ర మాస్టారు ఉన్నాడు. ఆ సెంటరు అతని అన్నయ్యది. టీచర్ వెళ్లి మామూలుగా అడిగినట్టే అడిగింది.

"ఒరే జోబీ, స్టాప్ తర్వాత 'టు' వస్తుందా?"

"ఎందుకు రాదు టీచర్? స్టాప్డ్ టు హెల్ప్ అంటే సాయం చేయడానికి ఆగాను అని. స్టాప్డ్ హెల్పింగ్ అంటే చేస్తున్న సాయం ఆపేశాను అని. మీకు తెలియదా ఏంటి?"

"తెలియకేం. నీకు తెలుసో లేదో చూద్దామని," అంది.

ఆగడం, ఆపేయడం. వాళ్ల మలయాళంలో పలకాబలపం పట్టని పిల్లకు కూడా తెలిసే తేడా. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి, ఎప్పుడో చిన్నతనంలో ఒక కాన్వెంటు సిస్టరమ్మ బెత్తంతో నేర్పిన ఒక్క ముక్కను పట్టుకుని ఇన్నేళ్లూ తిప్పి చూడలేదు. పొగ మానండి, మాటలాపండి అనేవాళ్లకు ఆ ముక్కతో ఏ నష్టమూ రాలేదు. నష్టం వచ్చింది, దారిలో ఆగి ఒకరిని లేవనెత్తిన పిల్లకు. ఆయన ముసలివాడు, దిక్కులేనివాడు, అందుకే సాయం చేయడం మానేశాను అని ఆ పిల్ల ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ చెప్పింది. చెప్పించింది తను.

మర్నాడే చెప్పేద్దామనుకుంది. జిస్మి వచ్చింది, కూర్చుంది. టీచరుకు నోరు రాలేదు. "సాయంత్రాలు కూడా రా, విడిగా చెబుతాను. ఫీజు గీజు ఏమీ వద్దు," అంది దానికి బదులుగా. చెప్పాల్సిన మాట చెప్పలేక చేసే మంచితనం ఎంత తేలికో ఆవిడకు అప్పుడు తెలిసింది.

జిస్మి తల్లి కొచ్చురాణి రబ్బరు తోటలో పాలు తీసే మనిషి. కూతురిమీద టీచరు చూపే శ్రద్ధకు ఆవిడ పొంగిపోయింది. ఒకసారి ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు పంపింది. ఇంకోసారి పనసకాయ మోసుకుంటూ తనే వచ్చింది.

"మా దానికి బుర్ర లేదు టీచర్. మీరు అంత కష్టపడి నేర్పితే అక్కడికెళ్లి ఏదో వాగి వచ్చింది. రెండు తగిలించండి, నేనేమీ అనుకోను."

"అలా అనకు కొచ్చురాణీ," అంటూనే టీచర్ పనసకాయ అందుకుంది. ఆ రాత్రి దాన్ని కోయనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. అది వంటింట్లో మాగి, ఇల్లంతా వాసన కమ్మేసింది.

కొత్త బ్యాచి మొదలైంది. పాఠాలు వరసలో నడుస్తూ మళ్లీ ఆ క్రియ దగ్గరికి వచ్చాయి. మొదటి బెంచీలో జిస్మి ఉంది. బోర్డుకు వీపు ఆనించి టీచర్ కాసేపు ఊరికే నిలబడింది. పాత మాటే చెబితే ఈ పిల్లలందరికీ అదే గతి. సరైన మాట చెబితే, ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంది. దాటవేసి తర్వాతి పాఠానికి పోదామా అని కూడా అనుకుంది. సుద్దముక్క తీసుకుని బోర్డుమీద రెండు వాక్యాలు రాసింది. ఐ స్టాప్డ్ హెల్పింగ్ హిమ్. ఐ స్టాప్డ్ టు హెల్ప్ హిమ్.

"మొదటిదానికి, సాయం ఆపేశాను అని అర్థం. రెండోదానికి, సాయం చేయడానికి ఆగాను అని. రెండూ ఇంగ్లీషే. కిందటి బ్యాచిలో ఒకమ్మాయి రెండోది చెప్పింది. నేను తప్పన్నాను. క్లాసంతా నవ్వేదాకా ఎగతాళి చేశాను. తప్పు నాది. ఆ అమ్మాయి చెప్పిందే సరైనది."

ఎవరూ నవ్వలేదు. జిస్మి బోర్డు వంకే చూస్తూ, పెదవులు కదుపుతూ రెండు వాక్యాలూ చదువుకుంది. ఆ తర్వాత సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. టీచర్ మెట్ల దగ్గర అందుకుంది.

"జిస్మీ, ఒక్క మాట."

"మీకెప్పుడు తెలిసింది టీచర్?"

"నువ్వు కొచ్చినుంచి వచ్చిన రోజే."

"ఆ రోజే తెలుసా? తప్పు చెప్పారు, సరే. ఎవరైనా చెబుతారు. నేను మా ఆసుపత్రిలో తప్పు చేయనా? కానీ తప్పు చేస్తే నర్సు చెప్పాలి, లేకపోతే మనిషి చస్తాడు. ఇన్నాళ్లూ నా ముఖం బాగాలేదనీ, నాకు బుర్ర లేదనీ అద్దం ముందు ఏడ్చాను. మీరేమో మా అమ్మ పంపిన పులుసు తిన్నారు."

జిస్మి మెట్లు దిగిపోయింది.

జిస్మి మళ్లీ క్లాసుకు రాలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక టీచర్ బస్సెక్కి వాళ్ల ఇంటికి వెళ్లింది. ముందు వసారాలో తీగలమీద రబ్బరు షీట్లు ఆరుతున్నాయి. కొచ్చురాణి కంగారుగా కొంగుతో కుర్చీ తుడిచి, పాలు లేని టీ తెచ్చి ఇచ్చింది.

"చూడండి టీచర్, మీలాంటావిడ ఇంటికొచ్చి మరీ అడుగుతుంటే, ఇది క్లాసుకు పోనని భీష్మించుకు కూర్చుంది. కారణం అడిగితే చెప్పదు."

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న జిస్మి, "అమ్మకు నేను చెప్పలేదు టీచర్. మీరే చెప్పండి," అంది.

టీచర్ గ్లాసు కింద పెట్టి, జరిగిందంతా చెప్పింది. ముసలాయన సంగతి, క్లాసులో నవ్వులు, జోబీతో ఆడిన అబద్ధం, పనసకాయ, ఏదీ దాచలేదు. కొచ్చురాణి రబ్బరు పాల మరకలున్న చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"అయితే మా పిల్ల మొదట అన్నదే సరైన మాటా?"

"అవును."

"ఎవరూ నేర్పకుండానే అందా?"

"ఎవరూ నేర్పలేదు. నేనే చెడగొట్టాను."

కొచ్చురాణి కూతురివైపు తిరిగింది. "మరి నాకు ఇంగ్లీషు రాదు, రాదు అంటావేమే!" అని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. టీచరును ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండునని ఏలియామ్మకు బస్సులో తిరిగివచ్చేటప్పుడు అనిపించింది.

వానలు వెనకపట్టాక ఇంకో ఇంటర్వ్యూ జరిగింది. జిస్మి సొంతంగా చదువుకుని వెళ్లింది. ఐర్లండులో గాల్వే అనే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని కొచ్చురాణి ఫోను చేసి చెప్పింది. జిస్మి చేయలేదు.

ఆ కబురు ఎలాగో జోబీ దాకా చేరింది. "టీచర్, జిస్మి మన స్టూడెంటే కదా! ఈసారి ఫ్లెక్సీలో మొదటి ఫోటో తనదే. ఒక మంచి ఫోటో పంపమని మీరొక మాట అడగండి," అన్నాడు హుషారుగా.

"వద్దురా జోబీ."

"ఎందుకని? మనకెంత పేరు!"

"వద్దన్నానా. ఆ పిల్లకు వచ్చింది ఆ పిల్ల తెచ్చుకున్నది. అందులో మనది ఏమీ లేదు," అంది ఏలియామ్మ.

జోబీ భుజాలు ఎగరేసి, మిగతావాళ్ల ఫోటోలతోనే వేయమని చెప్పడానికి ఫ్లెక్సీ వాడికి ఫోను కలిపాడు. ఆవిడ క్లాసులోకి వెళ్లింది.