లేవని మనిషి

ఎంబ్రాయిడరీ షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏ డిజైన్ ఎక్కించినా, మిషన్ల కంపెనీ అనుమతి లేదనే అక్షరాలే తెరమీద వెలుగుతున్నాయి.

పొద్దుటి షిఫ్టువాళ్లు మెకానిక్ కాలర్ పట్టుకున్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది అతనే మరి. డిజైన్లు గీసే అక్క మధ్యలో దూరి విడదీసింది. ఆమెకు గట్టిగా అరిచే ఓపిక కూడా లేదు.

"వాణ్ణి కొడితే సూది కదులుతుందా? వదలండి."

సూది ఎక్కడ దిగాలి, దారం ఎప్పుడు మారాలి అన్నది ఫైల్లో రాసే పద్ధతిని అన్ని షెడ్లవాళ్లూ కలిసి తయారు చేసుకున్నారు. ఏ కంపెనీ మిషనైనా దాన్ని చదివేది. ఎవరి డిజైన్ వాళ్లదే. ఇప్పుడు కంపెనీ ఆ పద్ధతిని మార్చి తాళం వేసింది. ఒప్పందం మీద సంతకాలు పెడితేనే పాత డిజైన్లు తెరుచుకుంటాయట. అక్క జీవితమంతా గీసినవి కూడా.

మధ్యాహ్నం ఆ కంపెనీ మేనేజర్ వచ్చాడు. మార్పుకు మీ షెడ్లవాళ్ల కమిటీయే మీటింగులో ఒప్పుకుందని చల్లగా చెప్పాడు.

"మీ నియమమే కదమ్మా. లేచి కాదనకపోతే ఒప్పుకున్నట్టే. ఆ రోజు ఎవరూ లేవలేదు."

నియమం నిజమే. షిఫ్టు దిగి కాళ్లీడ్చుకుంటూ వచ్చేవాళ్లకు మీటింగు త్వరగా ముగియాలని వాళ్లే పెట్టుకున్నారు. రానురాను మీటింగులకు పోవడమే మానేశారు. తమ తరఫున పెద్దాయన పోతున్నాడు కదా అని ఊరుకున్నారు.

పెద్దాయన అక్కకు సొంత అన్న. పొద్దున మిషన్లు ఆగగానే ఆమెను పక్కకు పిలిచి, నేలచూపులు చూస్తూ చెప్పాడు.

"కంపెనీవాళ్లు సూపర్‌వైజర్ కుర్చీ ఇస్తామన్నారు చెల్లాయ్. అలిసిపోయాను. అందుకే లేవలేదు."

ఇప్పుడాయన మూలనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

మేనేజర్ ఒప్పందం బల్లమీద పెట్టి, కాదనేవాళ్లు లేవండి అన్నాడు. ఎవరూ లేవరని అతని ధీమా.

అక్క మోకాళ్లు పట్టుకుని లేచింది. మెకానిక్ లేచాడు. దారాలెక్కించే పిన్ని, "లేవడానికే నా నడుం ఒప్పుకోదు, ఇక దీనికేం ఒప్పుకుంటుంది" అని గొణుక్కుంటూ లేచింది. బెంచీలు కిర్రుమన్నాయి.

"పాత సాఫ్ట్‌వేర్ నా దగ్గరుంది. ఎక్కించేస్తా" అన్నాడు మెకానిక్.

"తర్వాత మిషన్లు చెడితే మాకు సంబంధం లేదు."

"ఇన్నాళ్లూ బాగుచేసింది మీరా?"

ఎవరో అలసటగా నవ్వారు.

"పద్ధతి అందరిదీ. మార్చాలంటే అన్ని షెడ్ల ముందూ అడగండి. ఈసారి అందరం వస్తాం" అంది అక్క.

"మరి ఆ రోజు లేవనిదెవరు?" వెనకనుంచి పిన్ని అడిగింది.

షెడ్డంతా నిలబడి ఉంది, ఒక్క స్టూలు తప్ప. అక్క అటే చూసింది. అందరికీ వినబడేలా చెప్పింది.

"మా అన్నయ్య."