కత్తెర దొంగ

మధ్యాహ్నం రెండింటికి దర్జీ కుడిపాదం తీసేస్తారు. ల్యాబ్ గోడగడియారంలో పదకొండూ పది అయింది.

కణాలు పెంచే పన్నెండో డిష్ కూడా మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి ల్యాబ్ మేడమ్ కళ్ళు మూసుకుంది. అందులోనూ అదే వరస. కణాలు బతికే ఉన్నాయి. కానీ వేసిన చోటే ముద్దల్లా కూర్చున్నాయి. ఒక్కటీ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఫోన్ మోగింది. సర్జన్.

"ఏమైనా మొలిచిందా?"

"ఇంకా లేదు సార్."

"తొమ్మిది రోజులైంది మేడమ్. జెల్ పాడైందని ఒప్పుకోండి, గొడవ వదిలిపోతుంది."

"నా జెల్‌కి ఏం కాలేదు సార్."

"మరి కణాలు సమ్మె చేస్తున్నాయా? ఆయన బొటనవేలు నల్లబడుతోంది. కొత్త రక్తనాళాలున్న ముక్క ఇస్తానని గట్టిగా చెప్పండి, ఇంకో వారం ఆగుతాను. చెప్పలేకపోతే రెండింటికి థియేటర్ సిద్ధంగా ఉంది."

ఫోన్ పెట్టేశాడు.

పని ఎలా జరగాలో ఆమెకి కంఠతా వచ్చు. దర్జీ రక్తనాళంలోంచి తీసిన కణాల్ని కొలాజెన్ జెల్‌లో పెట్టింది. కొలాజెన్ అంటే ఒంట్లో చర్మాన్నీ కండనీ పట్టి ఉంచే దారాలు. ఆ దారాల వల దట్టంగా ఉంటుంది. కణం ముందుకు పాకాలంటే తన దగ్గరున్న ఎంజైములతో ఎదురుగా ఉన్న దారాల్ని కత్తిరించుకోవాలి. దారి దొరికాక కొత్త దారాలు పేర్చి రక్తనాళపు గొట్టానికి గోడ కట్టుకోవాలి. అలా అల్లుకున్న ముక్కని దర్జీ పాదంలో మానని పుండు మీద వేస్తే లోపలి రక్తనాళాలతో కలుస్తుంది. ఇక్కడ మొదటి పనే జరగలేదు. ఎవరో కత్తెర ఎత్తుకుపోయారు.

ఎవరు?

డిష్‌లు తిరిగి పెట్టడానికి ఇంక్యుబేటర్ తలుపు తీసింది. వెనక మూల ఇంకొకటి కనిపించింది. పదమూడోది. కణాలకి ఆహారంగా దర్జీ రక్తం నుంచి తీసిన సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు, వాడుతున్నారు. పన్నెండు డిష్‌లకే అది అయిపోయింది. మిగిలిన కణాలు పారేయడానికి మనసొప్పక, బయట కొన్న సీసా సీరమ్ పోసి వదిలేసింది. లెక్కలో రాయలేదు. మర్చిపోయింది కూడా.

లెన్స్ కింద పెట్టింది.

అడ్డంగా, నిలువుగా, చీలుతూ, కలుస్తూ సన్నటి గొట్టాలు డిష్ అంతా అల్లుకుపోయాయి.

"అమ్మయ్య!" అని పైకే అనేసింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి ఇంకోసారి కూడా అంది.

అవే కణాలు, అదే జెల్, అదే వేడి. తేడా ఒక్క సీరమ్‌లోనే. అంటే దొంగ దర్జీ రక్తంలోనే ఉన్నాడు. ఫైలు లాగింది. మొదటి పేజీలో నర్సు రాత: మందు – లేదు.

మెట్లెక్కి రెండంతస్తులు పరుగెత్తింది.

దర్జీ మంచం మీద కూర్చుని పక్క పేషెంటు చొక్కాకి గుండీ కుడుతున్నాడు. భార్య నారింజ తొనలు తీస్తోంది.

"బాబాయ్, మీరు ఏ మందులు వాడుతున్నారు?"

దర్జీ భార్య వైపు ఓరగా చూశాడు. "ఒట్టమ్మాయ్. మానేసి పద్దెనిమిదేళ్ళు."

"ఆ మందు కాదు బాబాయ్!"

"మరి నర్సమ్మ అడిగింది అదేగా? 'మందు అలవాటుందా' అంది. మీ పిన్ని పక్కనే నిలబడి ఉంది. లేదన్నాను. ఉన్నా లేదనేవాణ్ణే అనుకో."

"ఏమన్నారూ?" తొన చేతిలోనే ఆగింది.

"మాటవరసకే!"

"బిళ్ళలు బాబాయ్, బిళ్ళలు. ఇక్కడ ఇచ్చేవి నాకు తెలుసు. ఇంటి నుంచి ఏమైనా తెచ్చుకున్నారా?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె దిండు కింద నుంచి కళ్ళజోడు పెట్టె తీసింది. అందులో విడిగా బిళ్ళలు.

"ఇవి మందులు కాదుగా అమ్మా, పళ్ళవి. మా తమ్ముడు పళ్ళ డాక్టరు. బావ చిగుళ్ళు వదులయ్యాయని రోజుకొకటి వేసుకోమన్నాడు."

"నేను మూడు వేస్తున్నా," అన్నాడు దర్జీ గర్వంగా. "ఒకటే అంత పనిచేస్తే, మూడు ఎంత చెయ్యాలి?"

ల్యాబ్ మేడమ్ మంచం అంచున కూలబడింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"చిగుళ్ళు కూడా కొలాజెనే బాబాయ్. జబ్బు చేస్తే అక్కడ కత్తెరలు అతిగా తెగ్గోస్తాయి. వాటిని మొద్దు చేసే బిళ్ళ ఒకటుంది, డాక్సీసైక్లిన్ అని. కత్తిరింపు ఆపాలనుకున్నప్పుడు అదే మందు మా ల్యాబ్‌లోనూ వాడతాం. ఇప్పుడు మీ రక్తంలో ఉన్నది అదే అయితే, మీ కణాల చేతిలో కత్తెర పనిచెయ్యదు."

"గుడ్డ కత్తిరించకుండా చొక్కా కుట్టమన్నట్టేగా! పాపం, అవి మాత్రం ఏం చేస్తాయి?"

గుమ్మంలో చప్పుడైంది. పాదానికి గుర్తు పెట్టడానికి సర్జన్ వచ్చాడు. ఆమె ఫోన్‌లో తీసిన పదమూడో డిష్ ఫోటో చూపించి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పింది. ఆయన ఫోటో పెద్దది చేసి చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఆ పన్నెండూ కడిగి, సీసా సీరమ్ పోస్తే?"

"నాలుగు రోజుల్లో మొలుస్తాయి సార్. కణాలు చావలేదు."

"బిళ్ళ పేరు?"

"పైన ఏమీ రాసి లేదు."

సర్జన్ మార్కర్ మూత పెట్టేశాడు. "మేడమ్ చెప్పిన పేరే వస్తే థియేటర్ రద్దు. పెద్దాయన కుట్టుమిషన్ ఈ కాలితోనే తొక్కుకుంటాడు. అమ్మా, మీ తమ్ముడికి ఫోన్ చేయండి."

స్పీకర్ పెట్టారు. అవతల డ్రిల్లు మోత ఆగింది.

"ఏంటక్కా? బావ మళ్ళీ ఏం చేశాడు?"

"నువ్వు చేసిందే చూస్తున్నాం రా! ఆ పళ్ళ బిళ్ళ పేరేంటి? సరిగ్గా చెప్పు, ఇక్కడ డాక్టరుగారు వింటున్నారు."

"దాని కోసం ఇంత కంగారెందుకే? డాక్సీసైక్లిన్."