బోరు లెక్క

పాఠ్యపుస్తకం లెక్కల్లో పడవ ఎప్పుడూ ఏటికి ఎదురు పోతూ ఉంటుంది. నేను పాఠాలు చెప్పే కరువు ఊరు ఆలూరులో పడవెక్కిన పిల్ల నాకింతవరకూ కనబడలేదు. ఒళ్లు మండి, ఇంటర్ పిల్లలకు బీజగణితం లెక్కలు నేనే రాయడం మొదలుపెట్టాను. కోయిలకుంట్లలో అంగడి నడిపే ఇంట్లో పుట్టినవాణ్ణి. సరుకు నాదైతే మెచ్చుకోకుండా ఉండలేను.

ఆ రోజు సరుకు బోరు లెక్క. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది కాబట్టి వర్గ సమీకరణం చక్కగా కుదిరింది. చేతిలో ఉన్న డబ్బుతో ఎంత లోతు దాకా పోవచ్చో కనుక్కోవాలి. పిల్లలు పోటీపడి చెబుతుంటే నేను ఉబ్బిపోతున్నాను.

తనూజ ఒక్కతే కుదురుగా లేదు. కిటికీ వైపు చూస్తుంది, ఒళ్లో దాచిన ఫోను చూస్తుంది, మళ్లీ కిటికీ. అందరికంటే ముందు లెక్క తేల్చే పిల్ల. నాకు కోపం నసాళానికెక్కింది.

“ఏం తనూజా, యాడ చూస్తాండావు? నా లెక్క అంత చేదుగా ఉండాదా?”

లేచి నిలబడింది. “మా చేన్లో పొద్దున్నించి బోరు ఏస్తాండారు సార్. నీళ్లు పడకపోతే మావోళ్లు సుగ్గికి పోతారు. నేనూ పోవాల.”

సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకోతకు వలస. అలా పోయిన పిల్లలు మళ్లీ తరగతికి రావడం అరుదు.

అంతలో ఫోను మోగింది. ఎత్తమన్నాను. వాళ్ల నాన్న నారాయణ. వెనక బోరు బండి హోరు. ఆయన అరుపు గదంతా వినబడింది.

“అమ్మా, ఒట్టి దుమ్మే వస్తాండాది. బోరుబండాయప్ప ఇంకో నూరడుగులు దించుదామా అంటాండాడు. లెక్కలు సదువుతాండావు గదా, నువ్వే చెప్పు. దించమందునా?”

తనూజ నా వైపు తిరిగింది. “ఏం చెప్పాల సార్?”

నా సమీకరణంలో డబ్బు ఎక్కడ అయిపోతుందో ఉంది. నీళ్లు ఎక్కడున్నాయో లేదు. దించమంటే అప్పు, ఆపమంటే ఈ పిల్ల చదువు పోతుంది. భయమేసింది.

“నాకు తెలీదమ్మా,” అన్నాను. తరగతిలో నేను ఆ మాట అనడం అదే మొదలు.

తనూజ బోర్డుకేసి కాసేపు చూసింది. “ఆపించు నాయనా,” అంది ఫోనులో. “ఇంగ చాలు. అప్పు శానా ఐతాది.”

“సరేమ్మా,” అన్నాడు నారాయణ. హోరు ఆగిపోవడం మాకందరికీ వినబడింది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను. తనూజ అప్పటికే కూర్చుని పేజీ తిప్పింది.

“సార్, వచ్చే వారం పోతాము. అంతలోపల ఎన్ని పాఠాలైతే అన్ని చెప్పండి.”