తెగిన కొస

నాగలత కంప్యూటర్ల మీది గుడ్డలు తీసి, దులిపి, మడిచిపెట్టింది. తుడిచిన గంటకే మళ్లీ పరుచుకునే దుమ్ము కల్లూరుది. ఈ కోచింగ్ సెంటరులో ఆమె పని ఫోను ఎత్తడం, చేరినవాళ్లను కూర్చోబెట్టి వీడియో పాఠాలు పెట్టడం. ఖాళీ దొరికితే తానూ నేర్చుకోవచ్చన్నాడు ఓనరు ఉమామహేశ్.

వెబ్‌సైట్లు తయారుచేసే ఫ్రేమ్‌వర్కు పాఠాలను ఏడాదిగా చూస్తోంది. వీడియోలో సారు కోడ్ టైపు కొట్టినట్టే కొట్టేది. ఆయనకు పేజీ తెరుచుకునేది, ఆమెకు తప్పు జరిగిందనే ఎర్ర అక్షరాలు వచ్చేవి. తనది మొద్దు బుర్ర అనుకుంది. అలా అనుకోవడంలో ఒక సుఖం కూడా ఉండేది; ఇక వెతకనక్కర్లేదు.

నిన్న మాత్రం ఆ ఎర్ర అక్షరాలను చదివింది. చిన్నప్పుడు ఎమ్మిగనూరులో ఇంటి మగ్గం మీద పోగు తెగితే అమ్మ ఆమె వేలు పట్టుకుని తెగిన కొస దాకా నడిపించేది. అలాగే తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా దిగింది. ఆ జాడ పట్టుకుని, ఫ్రేమ్‌వర్కు చేసినవాళ్లే అందరికీ ఊరికే రాసిపెట్టిన డాక్యుమెంటేషన్ తెరిచి, తెలియని మాటలకు ఫోనులో అర్థాలు చూసుకుంటూ చదివింది. వీడియోలో చూపిన పద్ధతి పాత వెర్షన్‌లోదని, తీసేశామని ఉంది. సంతోషం కలగలేదు. ఏడాదిపాటు తనను తాను తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చాయి.

"నాకు రాదేమో అక్కా," అంది కొత్తగా చేరిన పవిత్ర. ఆమె తెర మీదా అవే ఎర్ర అక్షరాలు.

'వీడియో మళ్లీ చూడు' అని చెప్పడమే నాగలత ఉద్యోగం.

"నీకు రాక కాదు పాపా. పాఠం పాతది. ఈడ చదువు," అని డాక్యుమెంటేషన్ తెరిచి, వరుసల వెంట వేలు దించింది.

వెనక నుంచి ఉమామహేశ్ అన్నాడు: "స్క్రీనంతా వేలిముద్రలు చేస్తాండావు. మగ్గమనుకున్నావా?"

"మగ్గం మీద పోగు తెగితే నేసేవాళ్లను తిట్టరు సారూ. తెగింది యాడో ఎతుక్కుంటారు."

"పాతవని నాకు తెలీదా? కొత్తవి తీయాలంటే మాటలా? శానా మంది ఇవే చూసి సర్టిఫికెట్లు తీసుకున్నారు. ఆ పేజీ మూసి, వీడియో పెట్టు."

పవిత్ర ఇద్దరి ముఖాలూ చూసింది. ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ సిద్ధంగా లేదని నాగలతకు తెలుసు. ఆ భయాన్నీ మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చదువుకుంది. దూరం నుంచి కనిపించినంత పెద్దదేమీ కాదది.

"మూయను."

"అయితే రేపట్నించి రావద్దులే."

"రేపటి దాకా ఎందుకప్పా." అతన్ని సారూ అనకపోవడం ఇదే మొదటిసారి.

తాళంచెవి బల్ల మీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగింది. కింద షేర్ ఆటో కదిలిన చప్పుడైంది.

ఉమామహేశ్ పక్కనే నిలబడి ఉన్నా పవిత్ర ఆ పేజీ మూయలేదు. తెర మీది పలుచటి దుమ్ములో, పైనుంచి కిందికి దిగి ఒక వరుస దగ్గర ఆగిన వేలి గీత.