ఎల్లాజీ చెప్పులు

తమ్ముడు ఎల్లాజీ నా ముందు వట్టి కాళ్లతో నడుస్తున్నాడు, అది నిప్పుకొండ దీవి రేవు, వీధిలో పరిచిన రాళ్లు నల్లవి, గోడలు నల్లవి, పైన కొండ పొగ కక్కుతోంది, మా ఓడ సరుకు దించేదాకా ఖలాసీలకు సెలవిచ్చిన పగలే ఇది, కానీ చేపల సంత దాటి మలుపు తిరిగితే మా ఊరి ఇసుకదిబ్బ వస్తోంది, దిబ్బ దాటితే మళ్లీ అదే సంత. ఆ దీవి విడిచాక వాడు సముద్రంలో పడి చనిపోయాడని నాకు తెలుసు. తెలిసీ వెనకే పోతున్నాను.

"నెమ్మదిగా నడవరా."

"నెమ్మదేటి అన్నియ్యా, కాలు ఆనితే మాడిపోతంది. నీకేటి, తోలు జోడేసుకుని దొరలాగ వస్తన్నావు."

అడుగెత్తి చూపిస్తాడు. అరికాలు మాడిన దిబ్బరొట్టెలా ఉంది. నావి విప్పి ఇద్దామని గుంజుతాను, చర్మం ఊడి వస్తోంది గాని చెప్పులు రావడం లేదు.

"నీవి నాకేల? నావి ఇయ్యమను కొర్లమ్మని."

కొర్లమ్మ వాడి పెళ్లాం. శవం దొరకలేదని, మనిషి వస్తాడని, కర్మ చేయనివ్వలేదు, గాజులు తీయలేదు. కర్మ చేస్తే, అది జరిపించే దాసరికి చెప్పులు దానమిస్తాం, పోయినవాడు పైలోకం దారిలో కాళ్లు కాలకుండా నడవాలని. వీడికి ఎవరూ ఇవ్వలేదు.

"ఇంకా నా కోసం కూకుందా?"

"కూకుంది."

"నాను రానని నువ్వు అనలేదా?"

వంగి మళ్లీ నా చెప్పులు గుంజుతాను.

"ఓడ బూరైనా పలుకుద్ది గాని నువ్వు పలకవు," అని నవ్వబోయి, కాలు మార్చుకుని ఏడుస్తాడు.

అంతలో ఓడ కూత వేస్తుంది. చెయ్యి పట్టుకుని రేవు వైపు లాగుతాను, నల్ల ఇసుక వాడి మోకాళ్లదాకా వచ్చేసింది, పొగలు లేస్తున్నాయి, ఎంత లాగినా వాడు బరువెక్కుతున్నాడు, ఓడ కదిలిపోతోంది.

"నన్ను లాగకు అన్నియ్యా! దాంతో ఒక్క మాట అను. ఒక్క మాట..."

చూరు కింద నులకమంచం మీద మెలకువ వచ్చింది. మిట్టమధ్యాహ్నం. గడప బయట ఎల్లాజీ చెప్పులు, ఎప్పటిలాగే మొనలు ఇంటివైపు తిప్పి, ఎండలో ఉన్నాయి. దిగి వెళ్లి చెయ్యి వేశాను. చురుక్కుమంది.

"ముట్టకు బావా, కాల్తాయి," అంది కొర్లమ్మ లోపలినుంచి. "రాత్రి వానకి తడిసిపోతే ఎండబెట్టాను. నీ తమ్ముడొచ్చేసరికి బూజు పట్టేత్తాయి."

చెయ్యి తీయలేదు.

"కొర్లమ్మా," అని పిలిచాను. "ఒకసారి ఇలా రా."