గద్దలు తోలే గొంతు

గంప ఎత్తగానే బాతుపిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికి వచ్చాయి. కదిరమ్మ మోకాళ్ల మీద కూర్చుని వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. పంతొమ్మిది. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. పంతొమ్మిదే. వెంటనే తల తిప్పి గుడిసె వాకిలి వైపు చూసింది. చాప మీద కూతురు సుకన్య నిద్రపోతోంది. దుప్పటి కదులుతోందా లేదా అని ఊపిరి బిగబట్టి చూసింది. కదిలింది. అప్పుడు నడుం పట్టుకుని లేచి కోళ్ల గూడు తలుపు తీసింది.

రోజూ ఇంతే. ముందు పిల్లల లెక్క, తరువాత బిడ్డ ఊపిరి, ఆ తరువాత ఆకాశం. ఆకాశంలో ఇంకా ఏమీ లేదు. మే నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రైలుపట్టాల మీద కార్లు మోసుకుపోయే పొడుగాటి బండి పెనుకొండ వైపు నుంచి మెల్లగా వస్తోంది.

పట్టాలకు ఇవతలంతా తిమ్మరాజు మల్బరీ తోట. తోట చివర పట్టుపురుగుల షెడ్డు, షెడ్డు వెనక రేకుల గుడిసె, గుడిసె ముందు బోరు నీళ్లు నిలిచే గుంట. ఆ గుంటలో బాతులు, దాని చుట్టూ నాటుకోళ్లు. పురుగులు తిని వదిలిన ఆకు, తవుడు కలిపి వాటికి పెడతారు. ఏడేళ్లుగా వాటిని కాయడమే కదిరమ్మ పని. అందుకే ఆ గుడిసెలో ఉండనిచ్చారు. బిడ్డను, బాతులను ఒక్క చోట నుంచే చూసుకునే పని ఆమెకు ఇంకెక్కడా దొరకదు. సుకన్యకు ఇరవై ఆరేళ్లు. ఫిట్సు వస్తాయి. పొయ్యి దగ్గర రావచ్చు, గుంట గట్టున రావచ్చు. చారెడు నీళ్లలో బోర్లా పడినా చాలు, మనిషి పోవడానికి. కదిరమ్మ ఈ మాట రోజుకు పదిసార్లు అనుకుంటుంది. అనుకోకపోతే ఆ రోజే జరుగుతుందేమోనని భయం.

కుక్కలు రాకుండా చుట్టూ తుమ్మకంప వేసింది. ముంగిస బొరియల్లో రాళ్లు, గాజుపెంకులు కూరింది. కాకుల కోసం చచ్చిన కాకిని కట్టెకు వేలాడగట్టింది. అవన్నీ ఎంతో కొంత పనిచేశాయి. గద్దకు మాత్రం ఏదీ పనిచేయలేదు. పాత సీడీలు తాడుకు కట్టి మెరిసేలా చేస్తే రెండు రోజులు జంకింది, మూడో రోజు ఆ తాడు కట్టిన గుంజ మీదే వచ్చి కూర్చుంది. చొక్కా తొడిగి నిలబెట్టిన బొమ్మ పక్కనుంచే పిల్లను తన్నుకుపోయింది. అది భయపడేది కదిరమ్మ కేకకు ఒక్కదానికే.

తలుపుల అనే ఊరి దగ్గర పల్లెలో ఎనిమిదేళ్ల పిల్లగా సజ్జచేలో మంచె ఎక్కి పిట్టలను తోలిన గొంతు అది. పెళ్లయ్యాక తనకల్లు వైపు శనక్కాయ చేలల్లో అడవిపందులను తోలింది. భర్త ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోయి మళ్లీ రాలేదు. చదువు లేదు, గజం నేల లేదు. ఆ గొంతు పెట్టుకునే బిడ్డను ఇంతదాన్ని చేసింది. రైలు పోతున్నా దాని మీద నుంచి ఆమె కేక వినబడేదని ఆకు కోసే ఆడవాళ్లు చెప్పుకునేవారు.

మూడు నెలలుగా ఆ గొంతు తగ్గుతూ వచ్చింది. మెడ కింద ఒక పక్క గట్టిగా, గుండ్రంగా తగులుతోంది. హిందూపురంలో డాక్టరు చూసి అనంతపురం పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడ ఎన్నాళ్లు ఉండమంటారో, అన్నాళ్లు ఈ పిల్ల ఎవరి కళ్ల ముందు ఉండాలో తెలియక కదిరమ్మ పోలేదు. పోయిన వారం నుంచి కేక అసలు రావడం లేదు. రేకు పళ్లెం మీద గరిటెతో కొట్టి, చేతులూపి నెట్టుకొస్తోంది.

సుకన్య లేచాక మాత్ర వేయించి, నీళ్లు మింగేదాకా దవడలు చూస్తూ నిలబడింది. తనకని చేసుకున్న రాగి అంబలి రెండు గుక్కలు తాగబోతే రెండోది దిగలేదు. ఉమ్మేసింది. నిన్న కూడా అంతే. ఆ గిన్నె బిడ్డ చూడకుండా కోళ్లకు పోసింది.

ఆకు కోయడానికి వచ్చిన రాణి కంప అవతల నుంచి తొంగి చూసింది.

"ఏం కదిరమ్మక్కా, గద్దతో అలిగినావా? నువ్వు దాన్ని తిట్టేది యిని వారం అవుతాండాది. మాకూ పొద్దు పోతాలేదు."

కదిరమ్మ నవ్వి, పళ్లెం మీద టంగున ఒక దెబ్బ కొట్టింది. అదే జవాబు అనుకుని రాణి నవ్వుకుంటూ పోయింది. ఆమె కనుమరుగయ్యేదాకా కదిరమ్మ ఆ నవ్వు ముఖం మీద అలాగే పెట్టుకుంది.

పదకొండు గంటలప్పుడు తిమ్మరాజు మోటారుసైకిలు దిగాడు. చేతిలో గరాటు లాంటి మూతితో ఒక చిన్న మైకు. శనక్కాయ చేలల్లో పందులను బెదరగొట్టడానికి రైతులు పెట్టేది. ఎర్ర బటను నొక్కి పట్టుకుని అరిస్తే గొంతు అందులో నిలిచిపోతుందట. నల్ల బటను ఒకసారి నొక్కితే, మళ్లీ నొక్కి ఆపేదాకా అదే గొంతు అరుస్తూ ఉంటుందట. ఇదంతా ఆమె మేలు కోసమే తెచ్చినట్టు సంబరంగా చూపించాడు.

"నీకూ వయసాయె కదిరమ్మా. ఒగసారి దీంట్లో అరిచినావంటే సాలు. నువ్వు నీడలో కూచో. దినమంతా అదే అరుస్తాంటాది."

కదిరమ్మ కాదనలేకపోయింది. ఎర్ర బటను నొక్కి నోరు తెరిచింది. నరాలు తేలేదాకా మెడ బిగించింది. తిమ్మరాజు నల్ల బటను నొక్కాడు. జల్లెడలో పొట్టు ఆడించినట్టు ఒక చప్పుడు తోటంతా వినబడింది. చెట్ల వరసల్లో ఆకు కోసేవాళ్లు తలలెత్తి ఇటు చూశారు. ఇన్నాళ్లు పళ్లెం మోతతో దాచుకున్నది ఆ మైకు ఒక్క క్షణంలో అందరికీ చెప్పేసింది.

తిమ్మరాజు దాన్ని ఆపి, ఆమె మెడ వైపు చాలాసేపు చూశాడు. ఎన్నాళ్లయిందని అడిగాడు. దుమ్ము పట్టిందని, రెండు రోజుల్లో సర్దుకుంటుందని ఆమె గుసగుసగా చెప్పింది. అతను నమ్మలేదు. ఆసుపత్రికి పొమ్మన్నాడు. ఆమడగూరు నుంచి తన బామ్మర్ది ఒక కుటుంబాన్ని పంపుతానన్నాడని, వాళ్లకు ఈ గుడిసె ఇవ్వాల్సి వస్తుందని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. కోపంగా చెప్పి ఉంటే కాళ్లు పట్టుకునేది. అతను జాలిగా చెప్పాడు.

"నా బిడ్డ అరుస్తాది సామీ."

"సుకన్యనా? ఆ పాప గొంతే నేనెప్పుడూ యిన్లేదే."

"అరుస్తాది. సాయంత్రానికి దీంట్లో దాని గొంతు పెడ్తా. బటను నొక్కేది, బ్యాటరీ మార్చేది, అంతా అదే చూసుకుంటాది. నేను ఉన్న్యా లేకపోయినా, దాన్ని ఈడ్నే ఉండనీ."

తిమ్మరాజు గుంట గట్టున కూర్చున్న సుకన్య వైపు చూశాడు. ఆమె నోట్లోనే ఏదో అంటుంటే బాతుపిల్లలు ఒడి చుట్టూ మూగి ఉన్నాయి.

"సరే. ఆరింటికి వస్తా. దీంట్లో గొంతు ఉంటే అట్లే కానీ."

అతను పోయాక కదిరమ్మ కూతురిని కానుగ చెట్టు నీడకు తీసుకొచ్చింది. రెండు బటన్ల సంగతి ఒక్కసారి చెబితే చాలు, సుకన్య పట్టేసింది. ఆ పిల్ల వేళ్లు చురుకైనవి. వేళ్లతో చేసేది ఏదైనా చేస్తుంది. అరవడమే తెలియదు.

తెలియకపోవడానికి కారణం కదిరమ్మే. ఏడేళ్లప్పుడు బడిలో పాఠం గొంతెత్తి చదువుతూ చదువుతూ ఆ పిల్ల మొదటిసారి పడిపోయింది. అరుపు వల్లే వచ్చిందని కదిరమ్మ మనసులో నాటుకుపోయింది. అరుపుకూ దీనికీ సంబంధం లేదని ఆసుపత్రి నర్సమ్మ రెండుసార్లు చెప్పినా చెవికెక్కలేదు. బడి మాన్పించింది. నోరు పెద్దది చేయొద్దంది. గట్టిగా నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. పంతొమ్మిదేళ్లలో ఆ పిల్ల మాట పెదవి దాటడం మరిచిపోయింది.

ఇప్పుడు కదిరమ్మ గుడిసెలోకి పోయి బొంత తెచ్చింది. సుకన్య వెనక నేల మీద నాలుగు మడతలు వేసి పరిచింది. రాళ్లు ఏరి అవతల పారేసింది. పళ్ల మధ్య పెట్టడానికి గుడ్డ చుట్టి చేతిలో పట్టుకుంది. బిడ్డ పడితే తల బొంత మీదే పడేలా అన్నీ సరిచూసుకుని, అప్పుడు అంది.

"అరువ్ మే."

సుకన్య బొంత వైపు చూసింది, తల్లి చేతిలోని గుడ్డ వైపు చూసింది.

"నువ్వే గదమా అరవద్దనింది. ఫిట్సు వస్తాదని."

"రాదు. నేను చెప్తాండా గదా, రాదు."

చెబుతున్నప్పుడు కూడా వస్తుందనే ఆమె నమ్మకం. వచ్చినా ఒకసారి వచ్చి పోతుంది. గుడిసె పోతే మళ్లీ రాదు. ఎటు చూసినా అదే లెక్క తేలుతోంది.

సుకన్య బటను నొక్కి, పెదవులు మైకుకు ఆనించి ఏదో అంది. నల్ల బటను నొక్కితే ఆ మెల్లని గొంతే పెద్దదై తోటలోకి పోయింది. బెదరడానికి బదులు బాతులు గుంటలోంచి లేచి, మెడలు చాచి, పరుగు పరుగున వచ్చాయి. మేత వేస్తారనుకున్నాయి. సుకన్యకు నవ్వొచ్చింది. అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కదిరమ్మ ఆ చెయ్యి లాగేసింది. మళ్లీ అరవమంది. మళ్లీ. ఎండ కానుగ నీడను ఒక పక్కకు నెట్టేదాకా అరవమంటూనే ఉంది. తొడ మీద గిచ్చింది. చివరికి చెంప మీద కొట్టింది. పుట్టాక ఆ పిల్ల మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. సుకన్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కూడా చప్పుడు లేకుండానే వచ్చింది. కదిరమ్మ తన చేతిని తన నెత్తికేసి కొట్టుకుంది.

నీడ ఒకటి నేల మీద జారింది. ఆమె తల ఎత్తేసరికే గద్ద దిగింది. గరిటె అందలేదు. పళ్లెం గుడిసె దగ్గర ఉంది. చేతులు రెండూ ఊపుతూ, నోరు తెరిచి, ఏ చప్పుడూ లేని నోటితో పరిగెత్తింది. గద్ద ఆమెను లెక్కచేయలేదు. పిల్లను తన్నుకుని, తీరిగ్గా తుమ్మకంప దాటి పట్టాల మీదుగా పోయింది. పద్దెనిమిది. అది మళ్లీ వస్తుందని ఆమెకు తెలుసు. పిల్లలను గంప కిందికి తోయాలని వంగింది. కంటికి గంప రెండు అయింది, మూడు అయింది. కళ్ల ముందు ఎండంతా తెల్లగా అయిపోయింది. ఎలాగో పిల్లల మీద గంప బోర్లించి, చేతుల మీద పాకుతూ చెట్టు దగ్గరికి వచ్చి, మొద్దుకు ఆనుకుని కూర్చుంది.

సుకన్య చెంబుతో నీళ్లు తెచ్చింది. గుక్క లోపలికి పోలేదు, గడ్డం మీదుగా కారింది. ఒంట్లో చెమట లేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. కదిరమ్మకు అంబలి గుర్తు రాలేదు, ఆసుపత్రి గుర్తు రాలేదు. రాత్రి ఎనిమిది గంటలకు వేయాల్సిన మాత్ర డబ్బాలో ఏ పక్కన ఉందో చెప్పాలి. గుంట గట్టున ఒంటరిగా కూర్చోవద్దని చెప్పాలి. లోపలి గొళ్లెం వదులైంది, కట్టె అడ్డం పెట్టుకోమని చెప్పాలి. ఇవన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చి అక్కడే నిలిచిపోయాయి. వేలెత్తి మైకును చూపించింది. ఆ వేలు అలాగే కాసేపు గాలిలో ఉండి, ఒడిలోకి దిగింది.

గద్ద నీడ మళ్లీ వచ్చి ఆమె ముఖం మీదుగా పోయింది. కదిరమ్మ తల ఎత్తలేదు.

తిమ్మరాజు ఆరు కాకముందే వచ్చాడు. తల్లి చెట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది. కూతురు చున్నీ కొసతో ఆమె ముఖానికి విసురుతోంది. ఎండకు సొమ్మసిల్లి కునుకు తీస్తోందనుకున్నాడు. లేపడం ఎందుకని, గొంతు పెట్టారా అని సుకన్యనే సైగతో అడిగాడు. సుకన్య తల ఊపింది. అమ్మ నేర్పినట్టే నల్ల బటను నొక్కి, మైకును జాగ్రత్తగా అతని వైపు తిప్పింది.

మైకు లోంచి కేక రాలేదు. ఇంట్లో పక్కనున్న మనిషితో అన్నట్టు ఒక మాట వచ్చింది. తిమ్మరాజు విన్నాడు. రెండోసారి విని కదిరమ్మ వైపు చూశాడు. ఆమె కనుకొలకులో ఈగ వాలి ఉంది. వంగి చెయ్యి పట్టుకుని, వదిలేసి, రాణీ అని అరుస్తూ షెడ్డు వైపు పరిగెత్తాడు.

ఆకు మోసే ట్రాలీ మీద బొంత పరిచి కదిరమ్మను పడుకోబెట్టారు. సుకన్యను రాణి ఎక్కించుకుని ఒళ్లోకి లాక్కుంది. తోట గట్టున బండి పోయిన దుమ్ము సర్దుకునేసరికి పొద్దు వాలిపోయింది. నల్ల బటను నొక్కి ఆపాలన్నది ఎవరికీ తోచలేదు. కానుగ చెట్టు మొదట్లో, మూతి ఆకాశం వైపు పెట్టుకుని పడి ఉన్న ఆ మైకు, "అమా, లెయ్. గద్ద పాయె. నేను అరుస్తాలే, లెయ్ మా" అని మెల్లని గొంతుతో అంటూనే ఉంది.