చెప్పి రాకూడని ఇల్లు

సులోచనను మనమనిషి అనుకోవాలో పరాయిదేశపు మనిషి అనుకోవాలో అశోక్‌నగర్‌లో ఎవరికీ సరిగ్గా తేలలేదు. ముత్తాతల కాలంలో కొబ్బరితోటల పనికని మలేషియా ఓడ ఎక్కిన కుటుంబం వాళ్ళది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ ఆ తెలుగు ఓడ దిగినచోటే ఆగిపోయింది. ఆమె నోరు విప్పితే కూరగాయలమ్మే వాళ్ళు ఏ ఊరమ్మా అని అడిగేవాళ్ళు, జవాబు విని నమ్మకుండా నవ్వేవాళ్ళు. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసువాళ్ళు మలయ్ భాషలో ఫోన్లకు జవాబు చెప్పే మనిషి కావాలంటే రెక్కలు కట్టుకుని వచ్చేసింది. తన భాష మాట్లాడే పరాయి దేశంలో బతకడంకన్నా వింత ఏముంటుంది!

వింతలకు కొదవలేదు. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద రోడ్డు దాటడం ఒకటి. కొండలెక్కి జెండాలు పాతే వీరులను ఎవరినైనా పట్టుకొచ్చి, సాయంత్రంపూట చిక్కడపల్లి మార్కెట్లో నాలుగు దోసకాయలు కొనుక్కురమ్మని పంపితే వాళ్ళ వీరత్వం ఎంతో తెలిసిపోతుంది. సులోచన మాత్రం ఆ తోపులాటలోంచి ముఖం వెలిగిపోతుండగా బయటికొచ్చేది.

ఆ తిరుగుళ్ళకు దారి చూపేది బీరయ్య. సులోచన అద్దెకుండే మేడ పక్క స్థలంలో సగం లేచి ఆగిన అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, పిల్లర్ల మధ్య రేకుల గది వేసుకుని, భార్య మాసమ్మతో అందులోనే ఉండేవాడు. సెలవురోజు సులోచన గేటు దాటగానే చేతికర్రతో ఇనుప గేటు మీద టకటకమని కొట్టి పిలిచేవాడు. పెద్దరోడ్డు పట్టుకుని పోతే ఏమీ కనపడదని, గల్లీల్లోంచి పొమ్మని ఏదో ఒక చుట్టుదారి చెప్పేవాడు. ఆమె దారి తప్పి, తిరిగి తిరిగి ఇల్లు చేరి ఆ భాగోతమంతా చెబితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఈ దేశంలో ఆమెకు మొదట చుట్టమైంది అతనే.

మాట దిద్దింది మాత్రం ఇంటావిడ అన్నపూర్ణగారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న కుటుంబం. మొదటిరోజు సులోచన ఆఫీసుకు బయలుదేరుతూ తమ ఇంటి అలవాటు ప్రకారం "పోతానండీ" అంటే ఆవిడ గుండె పట్టుకుంది. గడప దాటే మనిషి పోతాననకూడదని, వెళ్ళొస్తానని చెప్పాలని, అలా అంటేనే మనిషి క్షేమంగా తిరిగొస్తుందని క్లాసు తీసుకుంది. సులోచనకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేం. తిరిగొస్తానని మాటిచ్చి వెళ్ళడం! అప్పటినుంచి ఆటో అతనికి, బ్యాంకు గార్డుకు, ఇడ్లీబండి దగ్గర అక్కకు, అందరికీ వెళ్ళొస్తానని చెప్పడమే. ఒకసారి పరధ్యానంలో ఏటీఎంకు కూడా చెప్పింది.

ఎండలు ముదిరిన రోజుల్లో బీరయ్య గుండె ఆగి పోయాడు. సులోచన ఆఫీసు నుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. అన్నపూర్ణగారు గాంధీనగర్‌లో చెల్లెలింటికి వెళ్ళి ఉంది, అడగడానికి ఎవరూ లేరు. సులోచన ఒక్కతే వెళ్ళి మాసమ్మ పక్కన కూర్చుంది. గది మూలన కూతురు నర్మద గోడకు చేరబడి ఉంది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల, నెలలు నిండాయి. పొట్ట మీద చేతులు వేసుకుని, ఏడవడానికి కూడా భయపడుతున్నట్టు కూర్చుంది. సులోచన చాలాసేపు మాసమ్మ చెయ్యి వదల్లేదు. లేచేటప్పుడు రెండు చేతులూ జోడించి, ఎంతో మర్యాదగా అంది.

"వెళ్ళొస్తానక్కా."

గదిలో ఏడుపులు ఆగిపోయాయి. బీరయ్య మేనత్త హనుమమ్మ అని ఒక ముసలావిడ చప్పున నర్మద ముందుకు జరిగి, ఆ పొట్టకు తన కొంగు అడ్డం పెట్టింది. మాసమ్మ సులోచనను చూడలేదు, కూతురిని చూసింది. ఏం జరిగిందో అర్థం కాక సులోచన చెప్పులు వేసుకుని వచ్చేసింది.

మర్నాడు అన్నపూర్ణగారు తిరిగొచ్చి సంగతి విన్నది. "చావింట్లో చెప్పి లేవకూడదమ్మా," అంది. "మాట్లాడకుండా వచ్చెయ్యాలి. వెళ్ళొస్తానంటే, మళ్ళీ ఇలాంటి దానికే వస్తానని." ఆ తర్వాత, నీకు తెలియక అన్నావులే, నీ తప్పేం లేదు అని కూడా అంది. కానీ అలా అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు పక్క స్థలం వైపు పోయాయి.

సులోచన చదువుకున్న మనిషే. మాటకు ప్రాణాలు తీసే శక్తి ఉండదని ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం, ఆ రేకుల గదిలో ఈ మాట తర్వాత ఇంకో మనిషి పోవలసి ఉంటే ఎవరు పోతారో కూడా ఆమెకు తెలుసు. ఒకరా, ఇద్దరా? పొద్దున్నే గేటు దాటితే ఇనుము మీద కర్ర టకటకలాడేది. తిరిగి చూస్తే గేటు, గేటు వెనక ఇసక కుప్ప, అంతే. ఆఫీసులో ఎవరో మలయ్‌లో బిల్లు సంగతి అడుగుతుంటే చెవిలో తన గొంతే తనకు తెలుగులో, వెళ్ళొస్తానక్కా అని వినిపించేది. ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పడం మానేసింది. గల్లీలు మానేసింది. పెద్దరోడ్డు మీద తల వంచుకుని ఆఫీసుకు పోవడం, తల వంచుకుని రావడం. పక్క స్థలంలో అంబులెన్సు ఆగిందేమోనని మేడమెట్ల కిటికీలోంచి తొంగిచూడటం.

దినాలు అయిన తర్వాత ఒక ఉదయం మాసమ్మే వచ్చి మెట్ల మీద కూర్చుంది. కోపం లేదు, అలసట ఉంది. నర్మద తినడం లేదని చెప్పింది. కంటి మీద కునుకు వేస్తే చాలు, సులోచన తెల్లబట్టలతో గుమ్మంలోకి వస్తున్నట్టు కల వస్తుందట. లోపలి బిడ్డ కూడా సరిగ్గా కదలడం లేదని ఆసుపత్రిలో అన్నారట, తల్లి తింటే గాని కుదరదన్నారట.

"ఒస్తనన్నవ్ గద బిడ్డా," అంది. "అన్నదానివి రాకపోతివి. నువ్వు రానంతసేపు అది నీ కోసమే సూస్తున్నది. ఒక్కపారి మంచిగున్నప్పుడు రా. తిని పో. ఆ మాట తీరిపోనీ."

సులోచన ఆకుపచ్చ చీర వెతికి కట్టుకుంది. పక్క స్థలానికి నడిచిన ఆ నాలుగడుగులకు ఆమెకు చెమటలు పట్టాయి. ఈ ఊళ్ళో ఇన్ని రోడ్లు దాటింది, ఏదీ ఇంత వెడల్పు లేదు. నర్మద పీట మీద కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది. సులోచనను పైనుంచి కిందిదాకా చూసింది, చీర రంగు చూసింది. మాసమ్మ జొన్నరొట్టె, టమాట తొక్కు పెట్టింది. సులోచన తిన్నది. నర్మద కళ్ళు ఆమె నోటి మీదే ఉన్నాయి. ప్రతి ముద్దా దిగిందా లేదా అని చూస్తున్నట్టు చూసి, చాలాసేపటికి తనూ ఒక ముక్క తుంచుకుంది.

తినడం అయింది. సులోచన చెయ్యి కడుక్కుని లేచి నిలబడింది. ఇక ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే అయిన పని చెడుతుంది. పళ్ళు బిగబట్టి, మాసమ్మ వైపు తల ఊపి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి గుమ్మం దిగబోయింది.

నర్మద గోడ పట్టుకుని లేచి, ద్వారబంధానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకుంట పోతున్నవేందక్కా," అంది. "మా ఇంట్ల ఇప్పుడెవరు సచ్చిన్రని?"

సులోచన ఆగిపోయింది. చెప్పకుండా లేచేది చావింట్లోనే కదా. ఇప్పుడు చెప్పడానికి భయం, చెప్పకపోవడానికీ భయం. రెండు భయాల మధ్య ఆ పిల్ల పొట్ట, దాని మీద రొట్టె పిండి అంటిన చెయ్యి. ఆ మాట రాదేమో అనుకుంది, వచ్చింది.

"వెళ్ళొస్తాను నర్మదా."

నర్మద చెయ్యి తియ్యలేదు.

"ఎప్పుడొస్తవ్?"

రోజూ ఇందరికి ఆ మాట చెబితే ఎప్పుడని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. సులోచన ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. "బిడ్డ పుట్టాక," అంది. "ఎత్తుకోవడానికి వస్తాను."

నర్మద చెయ్యి తీసి దారి ఇచ్చింది. మాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సులోచన గుమ్మం దిగి వీధిలోకి వచ్చింది. ఇక ఆ గదిలో తల్లీ బిడ్డా ఇద్దరూ ప్రాణాలతో మిగిలి తీరాలి, ఎందుకంటే ఆమె వస్తానంది.